పదకొండో వరుస

సోమవారం పొద్దున వచ్చిన ఆ ఉత్తరాన్ని మామూలు రోజుల్లో అయితే రోహిణి చదివేదే కాదు. హెల్ప్‌డెస్క్‌కు వచ్చే ఉత్తరాలు చూడటం ఆమె పని కాదు. ఆ పని చూసే అమ్మాయి సెలవు పెట్టడంతో టీమ్ లీడ్ కళ్యాణి ఈ వారానికి దాన్ని తెచ్చి రోహిణి నెత్తిన పడేసింది. రాసేవాళ్లలో చాలామంది పాస్‌వర్డ్ మరిచిపోయినవాళ్లే. అలాంటివి అయిదారింటికి జవాబులు కొట్టి, చల్లారిన టీ ఒక గుక్క తాగి, ఏడోది తెరిచింది.

రాసినతని పేరు లోహిత్. నగరంలోనే ఒక క్యాన్సర్ పరిశోధన కేంద్రంలో పీహెచ్‌డీ చేస్తున్నాడు. వాళ్ల దగ్గరికి ప్రయోగం కోసం ఒక కొత్త మందు వచ్చిందట. కణితిలోని కణాల పైపొర మీద ఒక ప్రోటీన్ ఉన్నవాళ్లకే ఆ మందు పనిచేస్తుందట. ఎవరికి ఉందో తేల్చడానికి ఒక యాంటీబాడీ కావాలి. రోహిణి వాళ్ల డేటాబేస్‌లో వెతికి, పక్కన రెండు ఆకుపచ్చ టిక్కులున్న దాన్ని ఎంచుకుని తెప్పించుకున్నారు. తొమ్మిదిమంది రోగుల కణితి ముక్కలకు దాంతో రంగు వేశారు. తొమ్మిదింటిలోనూ పైపొర తెల్లగానే ఉండిపోయింది. మందు మీకు పనికిరాదని తొమ్మిదిమందినీ ఇళ్లకు పంపేశారు. గురువారం మీటింగు. ఇక్కడ తగిన రోగులెవరూ లేరని రాసి ప్రయోగం మూసేస్తారు, మందు మరో నగరానికి వెళ్లిపోతుంది.

‘ఒక్క సంగతి నన్ను పీకుతోంది’ అని రాశాడు చివర్లో. ‘రంగు అసలు రాకపోవడం కాదు. వస్తోంది. పైపొర మీద కాకుండా కణం మధ్యలో, కేంద్రకంలో వస్తోంది. మీ డేటాబేస్‌లో ఈ యాంటీబాడీకి రాసిన జన్యువు సరైనదేనా? దయచేసి ఒక్కసారి చూడగలరా?’

రోహిణి ఆ పేజీ తెరిచింది. ఎక్కించినది రోహిణి, సరిచూసినది గిరీష్ అని ఉంది. తేదీ పద్నాలుగు నెలల కిందటిది.

యాంటీబాడీ అంటే ఒకే ఒక్క ప్రోటీన్‌ను వెతికి పట్టుకునేది. దానికి రంగు తగిలిస్తే ఆ ప్రోటీన్ ఎక్కడుందో అక్కడ రంగు కనిపిస్తుంది. ప్రపంచంలో యాంటీబాడీలు అమ్మే కంపెనీలు వందల్లో ఉన్నాయి, వాళ్ల సరుకు లక్షల్లో ఉంది. అందులో ఏది ఏ జన్యువు తయారుచేసే ప్రోటీన్‌ను పట్టుకుంటుందో ఒక్కచోట రాసిపెట్టడమే మాదాపూర్‌లో ఆ అయిదో అంతస్తు ఆఫీసులో నలభైమంది చేసే పని. ఒకరు ఎక్కించాలి, ఇంకొకరు మొదటివారితో సంబంధం లేకుండా మొదటినుంచీ వెతికి సరిచూడాలి. ఇద్దరి మాటా కలిస్తేనే రెండు టిక్కులు. లోకంలోని శాస్త్రవేత్తలకు ఆ రెండు టిక్కులూ దేవుడి వాక్కు. ఆ దేవుళ్లిద్దరూ పక్కపక్క కుర్చీల్లో కూర్చుని, రోజుకు నూట ఇరవై పేజీలు పూర్తికాకపోతే కళ్యాణి మొహం చూడాల్సి వస్తుందని హడలిపోతుంటారని పాపం వాళ్లకేం తెలుసు.

కాబట్టి ఆఫీసులో ఒక అలవాటు పుట్టింది. నువ్వు నాది టిక్కు పెట్టు, నేను నీది పెడతా. ఎవరూ నేర్పలేదు, ఎవరూ వద్దనలేదు. రోహిణి చేసినదాంట్లో తప్పుండదని గిరీష్ నమ్మకం. గిరీష్ చూస్తాడు కదా అని రోహిణి ధీమా. మూడేళ్లుగా ఇద్దరూ ఒకరి భుజం మీద ఒకరు తల పెట్టి హాయిగా నిద్రపోయారు.

యాంటీబాడీ తయారుచేయడానికి కుందేలు ఒంట్లోకి ఒక చిన్న ప్రోటీన్ ముక్కను ఎక్కిస్తారు. ఆ ముక్క వివరం అమ్మే కంపెనీ కాగితంలో ఉంటుంది. రోహిణి దాన్ని తీసి, జన్యువులన్నిటిలో వెతికే పెట్టెలో వేసింది. అయిదు సెకన్లు పట్టలేదు. నూటికి నూరు పాళ్లు సరిపోయిన జన్యువు ఒకటే వచ్చింది. అది డేటాబేస్‌లో రాసి ఉన్న జన్యువు కాదు. అది తయారుచేసే ప్రోటీన్ కణం పైపొర మీద ఉండేది కూడా కాదు. కేంద్రకంలో ఉండేది.

మళ్లీ వెతికింది. మూడోసారి కూడా వెతికింది. అదే వచ్చింది.

ఎలా జరిగిందో అప్పుడు గుర్తుకొచ్చింది. ఒకే కంపెనీవి పదకొండు యాంటీబాడీలు ఒకే జాబితాలో వచ్చాయి. మొదటి పదీ ఒకే జన్యువువి. మొదటి వరుసలో జన్యువు పేరు కొట్టి, ఆ గడి మూల పట్టుకుని కిందికి లాగేస్తే పదకొండు వరుసలూ నిండిపోయాయి. పదకొండోదాని కాగితం తెరవలేదు. తెరిచి ఉంటే ఆ అయిదు సెకన్లే పట్టేవి. గిరీష్ ఒక్కటీ తెరవకుండా పదకొండింటికీ టిక్కు కొట్టాడు.

రోహిణి సీట్లోంచి లేచి బాత్రూంలోకి వెళ్లి చన్నీళ్లతో మొహం కడుక్కుంది. మొదట గుర్తొచ్చింది ఆ తొమ్మిదిమంది కాదు, ఆ సంగతి ఒప్పుకోవాలి. మొదట గుర్తొచ్చింది ఇదే ఆఫీసులో పనిచేసిన ఓంకార్. పోయినేడు అతని పేజీలో తప్పు బయటపడి, ఈ డేటాబేస్ పని అప్పగించిన క్లయింటుకు తెలిసింది. మర్నాడు పొద్దున గేటు దగ్గర అతని కార్డు పనిచేయలేదు. అటెండర్ అతని టిఫిన్ బాక్సూ, సొరుగులో ఉన్న స్వెట్టరూ ఒక కవర్లో వేసి కిందికి తెచ్చిచ్చాడు. మళ్లీ ఎక్కడా ఈ పని దొరకలేదని విన్నారు. వాళ్ల కుటుంబంలో కుర్చీలో కూర్చుని చేసే ఉద్యోగం సంపాదించిన మొదటి మనిషి రోహిణి. వాళ్లమ్మ కిష్టమ్మ ఆ పక్క వీధిలోనే ఇంకో టవర్‌లో హౌస్‌కీపింగ్ చేస్తుంది.

మధ్యాహ్నం గిరీష్‌ను మెట్ల దగ్గరికి పిలిచి చెప్పింది. భీమవరం కుర్రాడు, నవ్వకుండా మాట పూర్తిచేయని మనిషి. ఆ రోజు అతని మొహంలో నెత్తురు చుక్క లేదు. భార్యకు ఏడో నెల. పోయిన నెలే ప్రగతి నగర్‌కు ఇల్లు మారారు. గొంతు తగ్గించి దారి చెప్పాడు.

“పేజీ మార్చేద్దాం. ఇద్దరం మళ్లీ టిక్కు పెడదాం. పాతది ఎవడు తవ్వి చూస్తాడు చెప్పు? ఆ అబ్బాయికి మాత్రం కొత్త పేజీ చూసుకోమని రాసేయ్. తప్పు అనే మాట మనం వాడొద్దు.”

పద్ధతి ప్రకారం చేయాల్సింది అది కాదు. తప్పు దొరికితే ఎర్రర్ నోటీసు పంపాలి. ఆ పేజీని తమ దగ్గర సేవ్ చేసి దాచుకున్న ప్రతివారికీ అది వెళుతుంది. అడుగున ఎక్కించినవారి పేరూ, సరిచూసినవారి పేరూ ఉంటాయి. ఒక నకలు క్లయింటుకు వెళుతుంది. రోహిణి చూసింది. ఆ పేజీని దాచుకున్నవాళ్లు నలభై ముగ్గురున్నారు.

గిరీష్ చెప్పినట్టే చేసింది. భయపడ్డ మనిషికి దగ్గరి దారే రాచబాటలా కనిపిస్తుంది. సాయంత్రంలోపు పేజీ మారిపోయింది, రెండు కొత్త టిక్కులు పడ్డాయి. లోహిత్‌కు మూడు వాక్యాల జవాబు వెళ్లింది. ఈ పేజీలోని సమాచారం ఇటీవల నవీకరించబడింది, దయచేసి తాజా వివరాలు చూడగలరు, మా డేటాబేస్‌ను వాడుతున్నందుకు కృతజ్ఞతలు. ఎవరు ఎవరికి ఏం చేశారో తెలియకుండా వాక్యం రాయడం ఆఫీసులు నేర్పే మొదటి విద్య.

మంగళవారం పొద్దున గేటు దగ్గర యంత్రానికి కార్డు పెట్టింది. అది కూతపెట్టి పచ్చగా వెలిగేదాకా ఊపిరి ఆడలేదు. పైకి వెళ్లేసరికి లోహిత్ జవాబు వచ్చి ఉంది.

‘మేడమ్, ఇటీవల అంటే ఎప్పుడు? ముందునుంచీ తప్పుగానే ఉందా? ఆ మాట మీరు రాతలో ఇస్తే తప్ప మీటింగు ఆపరు. మా సార్ యాంటీబాడీ మంచిదే అంటున్నారు, నేను రంగు వేయడంలోనే లోపం ఉందంటున్నారు. తొమ్మిది ముక్కలూ నేనే చేశాను. నా చేతిలో తప్పుందేమోనని నాకే అనుమానం వస్తోంది. తొమ్మిదిమందిలో ఇద్దరికి ఇక వేరే వైద్యం ఏదీ మిగల్లేదు.’

రోహిణి ఆ రోజంతా జవాబు రాయలేదు. రాయడం, చెరపడం, నీళ్లు తాగడం. గిరీష్‌కు చూపిస్తే, మనం చేయగలిగింది చేశాం కదా అని నీళ్లు నమిలాడు. క్యాంటీన్‌లో పళ్లెం అలాగే వదిలేసింది. ఎవరైనా పేరు పెట్టి పిలిస్తే ఉలిక్కిపడింది. కళ్యాణి రెండుసార్లు ఆమె సీటు పక్కనుంచి నడిచి వెళ్లింది, రెండుసార్లూ రోహిణి తెర మీది ఉత్తరం మూసేసింది. తాను దొంగతనం చేస్తూ దొరికిపోయినట్టు ఎందుకుందో ఆమెకు తెలుసు. తెలిసినా చెయ్యి కదలలేదు.

బుధవారం పొద్దున తల్లీకూతుళ్లు చందానగర్‌లో బస్సెక్కారు. కొత్తగూడ జంక్షన్ దగ్గర బస్సు కదలకుండా నిలబడిపోయింది. రెండు రోజులుగా బిడ్డ తిండి తినడం లేదని కిష్టమ్మ చూస్తూనే ఉంది. ఏంది సంగతి అని అడిగింది. రోహిణి ఆ ఇరుకు సీట్లో, కిటికీ వైపు మొహం తిప్పుకుని, అర్థమయ్యే మాటల్లో చెప్పింది. చూశానని టిక్కు పెట్టాను, చూడలేదు, దానివల్ల మందు అందాల్సినవాళ్లను ఇంటికి పంపేశారు, రేపటిలోపు చెప్పకపోతే ఆ మందు వెళ్లిపోతుంది, చెబితే నా ఉద్యోగం పోతుంది.

కిష్టమ్మ ముందు సీటు కడ్డీ పట్టుకుని, ఎవరికో చెబుతున్నట్టు మొదలుపెట్టింది.

“మా తాన బాత్రూం తలుపు ఎనక కాయిదం ఉంటది సూడు. గంటగంటకు కడిగినం అని సంతకం పెట్టాలె. మేం పొద్దుగాల్నే సాయంత్రందాంక అన్నీ ఒక్కసారే పెట్టేస్తుంటిమి. ఒకనాడు రత్నమ్మ రాలె. ఆమె అంతస్తుది గూడ నేనే పెట్టిన. పోయి సూడలె. ఆడ నీళ్లు కారి ఉన్నయట. ఒక సారు జారి పడి తుంటి ఇరిగింది.”

ఆ సంతకం నీదేనని చెప్పావా అని రోహిణి అడిగింది.

“చెప్పలె. పైపు మంచిగ చెయ్యలేదని ప్లంబర్‌ను తీసేసిన్రు. ఎనిమిదేండ్లాయె. ఇప్పటికీ నా ఎనక ఎవలన్న జర జోరుగ నడిసొస్తె నా కోసమే వస్తున్నరనిపిస్తది.”

ఆ మాట అన్న మనిషే, బస్సు దిగేటప్పుడు కూతురి చెయ్యి గట్టిగా పట్టుకుని, నౌకరి పోగొట్టుకోకు బిడ్డా, నీకేం కాదు, ఫికర్ చెయ్యకు, నోరు మూసుకుని ఉండు అని బతిమాలింది. అమ్మ వెనక్కి తిరిగి చూసుకుంటూ టవర్ వైపు వెళ్లడం రోహిణి చూసింది. ఎనిమిదేళ్లుగా ఆమె అలాగే వెనక్కి చూసుకుంటూ నడుస్తోందని, దాన్ని తాను వయసు వల్ల వచ్చిన చాదస్తం అనుకుందని తెలిసింది. భయం అన్నది చెప్పేస్తే ఒక్కరోజుది, దాచితే జీవితాంతం కిరాయి లేకుండా ఇంట్లో కాపురముంటుందని ఆమెకు ఎవరూ వివరించాల్సిన పని లేకపోయింది.

పదకొండు గంటలకు ఎర్రర్ నోటీసు ఫారం తెరిచింది. ముందు గిరీష్‌కు చెప్పింది, దొంగచాటుగా పంపడం ఆమెకు చేతకాలేదు. నీ పేరు తీసే దారి లేదు, ఉంటే తీసేదాన్ని అంది. అతను ఆమె మొహం చూడకుండా హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాడు. నోటీసులో ఇలా రాసింది. ఈ యాంటీబాడీకి చూపిన జన్యువు ఎక్కించిన రోజునుంచీ తప్పు. మూల కాగితం తెరవకుండా నేను పై వరుసనుంచి లాగాను. గిరీష్ సరిచూడలేదు. సోమవారం దీన్ని ఎవరికీ తెలపకుండా ఇద్దరం మార్చాం. దీని ఆధారంగా వచ్చిన ఫలితాలను నమ్మవద్దు. ఈసారి వాక్యాల్లో ఎవరు ఏం చేశారో ఉంది. పంపు అన్న మీట నొక్కేటప్పుడు కళ్లు మూసుకుంది.

పది నిమిషాల్లో కళ్యాణి పిలిచింది. తిట్టలేదు, అరవలేదు. గాజు తలుపు వేసి, నోటీసు మళ్లీ మొత్తం చదివి, పైవాళ్లు వచ్చే సోమవారం క్లయింటుతో మాట్లాడతారని, అప్పటిదాకా కొత్త పేజీలు ముట్టుకోవద్దని చెప్పింది. తర్వాత ఏమవుతుందని అడిగితే, నాకు తెలియదు రోహిణీ అంది. ఆ మాట కంటే తిట్టినా బాగుండేది.

గురువారం మధ్యాహ్నం ఒంటిగంటకు లోహిత్ ఫోన్ చేశాడు. గొంతు విని ఇంత చిన్నవాడా అనుకుంది. మీటింగు వారం వాయిదా పడిందట. తొమ్మిదిమందికీ మళ్లీ పరీక్ష చేయడానికి ఒప్పుకున్నారట. అప్పుడే కాస్త తేలికపడబోయిన రోహిణి తర్వాతి మాట విని బిగుసుకుపోయింది. ముక్కలు చాలా కొంచెమే మిగిలి ఉన్నాయి. ఒక్కసారికే సరిపోతాయి. ఏ యాంటీబాడీ తెప్పించాలో ఈ సాయంత్రంలోపు చెప్పాలి.

“మీ డేటాబేస్‌లో ఆ జన్యువుకి ఉన్నవాటిలో మాకు వెంటనే దొరికేవి ఇంకో ఆరు మేడమ్. ఆరింటికీ రెండేసి టిక్కులున్నాయి. ఏది తీసుకోమంటారు?”

రోహిణి వాటిని తెరిచింది. ఆరు పేజీలు. ఆరింటి అడుగునా అవే రెండు పేర్లు, రోహిణి, గిరీష్. ఆ లెక్కన మూడేళ్లలో వాళ్లిద్దరి పేర్లతో ఉన్న పేజీలు వేలల్లో ఉన్నాయి. వాటిలో ఏది చూసి పెట్టిందో, ఏది చూడకుండా పెట్టిందో ఆమెకే తెలియదు. గంటలో చెబుతానని ఫోన్ పెట్టేసింది. కొత్త పేజీలు ముట్టుకోవద్దన్నారు కానీ పాతవి చూడొద్దని ఎవరూ అనలేదు.

గిరీష్ దగ్గరికి వెళ్లి నిలబడింది. నిన్నటినుంచీ ఇద్దరి మధ్యా మాటల్లేవు. ఆరు కాగితాలు ఇచ్చి, అవతలి గదిలో కూర్చుని మొదటినుంచీ నువ్వు చూడు, నేను ఇక్కడ చూస్తాను, ఒకరిది ఒకరికి చూపించుకోవద్దు అంది. అతను వద్దంటాడనుకుంది. హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టి, కాగితాలు తీసుకుని లేచాడు.

ముక్క తీసి వెతకడం, ఆ ప్రోటీన్ ఎక్కడుంటుందో చదవడం, రంగు వేసిన బొమ్మల్లో అక్కడే కనిపిస్తోందో లేదో చూడటం. ఒక్కొక్కదానికి పది నిమిషాలు పట్టింది. మూడేళ్లలో మొదటిసారి వాళ్లు ఆ పని చేశారు. ఇద్దరూ తమ కాగితాలు పక్కపక్కన పెట్టుకున్నప్పుడు నాలుగు సరైనవేనని కలిశాయి. రెండింటికి అసలు ఏ ముక్క వాడారో అమ్మే కంపెనీ చెప్పనేలేదు. వాటికి టిక్కు ఏ ధైర్యంతో పెట్టారో ఇద్దరికీ గుర్తులేదు. గిరీష్ ఆ రెండింటి పక్కనా పెద్దగా ఇంటూ గీశాడు. నాలుగింటిలో బొమ్మల్లో పైపొర మీద రంగు స్పష్టంగా కనిపించేది ఒక్కటే. ఇద్దరూ విడివిడిగా దాని కిందే గీత గీసి ఉన్నారు.

రోహిణి ఫోన్ చేసి దాని నంబరు చెప్పింది. ఎలా చూశారో, ఏం చూశారో కూడా చెప్పింది. లోహిత్ రాసుకున్నాడు. పెట్టేయబోయి ఆగాడు. ఒకామె తన ఎదురుగా కూర్చుని ఉందట. తొమ్మిదిమందిలో ఒకాయన భార్య, సిద్దిపేట అవతలినుంచి పొద్దున్నే వచ్చిందట. మళ్లీ పరీక్ష అంటే నమ్మడం లేదు, చూసినవాళ్లతోనే మాట్లాడతానంటోంది. అతను సర్దిచెబుతుండగానే ఫోన్ చేతులు మారిన చప్పుడైంది.

“బిడ్డా, పోయినసారి గూడ మిషన్ల సూసినమన్నరు, మందు పనికిరాదన్నరు. మా ఆయన నెల దినాలసంది గోడదిక్కు తిరిగి పండుకున్నడు. ఇప్పుడేమో మల్ల సూస్తం అంటున్నరు. పోయినసారి సూసింది నువ్వేనా?”

తనకు సంబంధం లేదని చెప్పడానికి రోహిణికి తోవ ఉంది. పరీక్ష చేసింది తాను కాదు. మందు ఇవ్వనన్నదీ తాను కాదు. డేటాబేస్ అంటే ఏమిటో అవతలి ఆమెకు తెలియనే తెలియదు. గిరీష్ బల్ల అవతల నిలబడి ఆమెనే చూస్తున్నాడు.

“పోయినసారి చూడలేదమ్మా” అంది. “చూసిన అని రాసిన. చూడకుండనే రాసిన. గందుకే అట్లయింది. ఇప్పుడు చూసిన.”

అవతల ఆసుపత్రి వరండాలో ఎవరినో పేరు పెట్టి పిలుస్తున్నారు. తిట్టు కోసం, ఏడుపు కోసం రోహిణి ఫోన్‌ను చెవికి నొక్కి పట్టుకుంది.

“నీ పేరేంది?” అని అడిగింది ఆమె.

“రోహిణి.”

“ఇగ మా ఆయనది ఏదున్నా నువ్వే సూడాలె. ఇంకెవలు సూసిన్నన్నా నేను నమ్మ.”

రోహిణికి ఉద్యోగం గురించి సోమవారంనుంచి పట్టుకున్న భయం ఆ క్షణంలో ఎటు పోయిందో పోయింది. దాని చోట అంతకంటే పెద్దది వచ్చి కూర్చుంది. తనను ఒక మనిషి నమ్ముతోంది. సరేనమ్మా అంది, ఆయన పేరు అడిగి కాగితం మీద రాసుకుంది.